గాట్లున్న పొయ్యి

పెద్దాయనకి ఏమివ్వాలో తేలేసరికి భోజనాల గంట కాస్తా కరిగిపోయింది.

ముందు గోడగడియారం అన్నారు. ముప్పై రెండేళ్ళు కార్ఖానా కూతకి ఉలిక్కిపడి లేచిన మనిషికి మళ్ళీ గడియారమా, బుద్ధుండాలి అని కొట్టేశారు. మంచి ఉన్ని దుప్పటి అన్నారు. గాజు బట్టీ ముందు కాగి కాగి పెనంలా అయిన ఒంటికి దుప్పటి దేనికని పకపకా నవ్వారు. చివరికి ప్యాకింగ్ బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని తీర్పు చెప్పాడు. అతను అక్కడ ఎవరికీ బావ కాడు. నోరు తెరిస్తే వేళాకోళమే గనక అందరికీ బావయ్యాడు.

"ఆయన రోజూ చెప్పేదే కదర్రా. ఇన్నేళ్ళూ ఒకళ్ళ నిప్పు ముందు నిలబడ్డాను, రిటైరయ్యాక పెరట్లో నా నిప్పు ముందు కూచుంటాను, తీరిగ్గా నాలుగు ముక్కలు కాల్చుకు తింటాను అని. బొగ్గుల గ్రిల్లు కొందాం. ఇంకెవరూ నోరెత్తకండి."

నోరెత్తొద్దంటే ఆ కార్ఖానా జనం రెండు నోళ్ళతో మాట్లాడతారు. గుండ్రందైతే వేడి చుట్టూ తిరుగుతుందన్నారు. పెట్టెలా ఉండేదైతే పదిమందికి ఒక్కసారే కాల్చొచ్చన్నారు. గ్యాసుదైతే మసి అంటదని ఒకడు అనబోయి, "నిప్పుతో కాపరం చేసినవాడికి మీట తిప్పే పొయ్యి ఇస్తావా, సిగ్గులేదూ" అని చీవాట్లు తిన్నాడు. జన్మలో గ్రిల్లు మొహం చూడనివాళ్ళే అందరికంటే గట్టిగా అరిచారు.

"వీళ్ళని నమ్మితే పెద్దాయన మనవడి పెళ్ళికి కొంటారు. స్టోరమ్మా, సామాను సంగతి మీకే తెలుసు. మీరు ఎంచండి" అన్నాడు బావ.

స్టోరమ్మ సరేనంది. పందొమ్మిదేళ్ళుగా ఆ కార్ఖానా సామాన్ల గది తాళాలు ఆమె నడుముకే వేలాడుతున్నాయి. ఏ అరలో ఏ మేకు ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. చీటీ ఉంటే వస్తువు ఇస్తుంది, చీటీ లేకపోతే దేవుడొచ్చినా ఇవ్వదని ఆమెకి పేరు. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వమే.

పెద్దాయన అంటే మాత్రం ఆమెకి అంతకంటే ఎక్కువ అభిమానం. బట్టీలో కాగే గాజుని గొట్టం చివర చుట్టుకుని, ఊది, దీపాల గోళాలు చేసేవాళ్ళలో ఆయనంత మొనగాడు ఇంకొకడు లేడు. అందుకే ఆమె ఒక చిన్న ఎత్తు వేసింది. తనకి నచ్చింది కొని ఆయన నెత్తిన పెట్టేకంటే, ఆయనకి నచ్చిందే ఆయనకి తెలియకుండా కొనాలనుకుంది.

"మా తమ్ముడు గ్రిల్లు కొనుక్కుంటానంటున్నాడు పెద్దాయనా. వాడికి నిప్పు సంగతి తెలీదు, నాకైతే అసలు తెలీదు. రేపు పని దిగాక ఒక్కసారి కొట్టుదాకా వస్తారా?"

"నిప్పు కొనడానికి నన్ను పిలవడమేంటమ్మా, పెళ్ళికూతుర్ని చూడ్డానికి పెళ్ళికొడుకుని పిలిచినట్టు" అని నవ్వాడాయన. "వస్తాలే."

*

మంగళవారం సాయంత్రం ఇద్దరూ కొట్టుకి వెళ్ళారు. పెద్ద కొట్టు. తెల్లటి దీపాలు కళ్ళలో పొడుస్తున్నట్టున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే పెద్దాయన కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వరసగా ముప్పై గ్రిల్లులు నిలబెట్టి ఉన్నాయి. అమ్మే కుర్రాడు బట్టీపట్టిన పాఠం అందుకున్నాడు.

"ఇది చూడండి సార్, మా దగ్గర ఎక్కువ పోయేది. మూత మీదే వేడి చూపించే ముల్లుంది. లోపల ఏం జరుగుతోందో తెరిచి చూడక్కర్లేదు."

పెద్దాయన ఆ ముల్లు జోలికే పోలేదు. గుండ్రటి గిన్నె అంచు పట్టుకుని చుట్టూ వేళ్ళతో తడిమాడు. గోటితో టకటకా కొట్టాడు.

"రేకు పల్చన. దీని దగ్గర వేడి నిలవదు. గాలి వీస్తే చల్లారిపోతుంది, పొద్దస్తమానం బొగ్గులు మేపుతూ కూచోవాలి. ఇంకోటి?"

రెండోది చక్రాలూ, రెండు పక్కలా బల్లలూ ఉన్న పెట్టె. ఆయన ఆ బల్లల్ని లెక్కలోకే తీసుకోలేదు. మూతకీ పెట్టెకీ మధ్య ఒక అట్టముక్క పెట్టి, మూత దించి, అట్టని లాగాడు. అది ఏ అడ్డూ లేకుండా జారి వచ్చేసింది.

"చూశావా అమ్మా. మూత మూసినా మూసినట్టు కాదు. నిప్పుకి కావలసింది గాలి. ఆ గాలి మనం ఇవ్వాలి, అది దోచుకోకూడదు. వంట అయ్యాక మూత వేస్తే బొగ్గు చచ్చిపోవాలి, రేపటికి మిగలాలి. దీన్లో తెల్లారేసరికి బూడిదే."

అమ్మే కుర్రాడి మొహంలో కళ తప్పింది. మూల నించి ఇంకోటి చూపించాడు. నల్లగా, పొట్టిగా, ఎత్తబోతే నడుం పట్టేసేలా ఉంది. పోత ఇనుముది. దాన్నెవరూ కొనరట. అందంగా లేదట.

పెద్దాయన దాని ముందు గొంతుక్కూచున్నాడు. ఊచల జల్లెడ పైకి తీసి చేత్తో తూచాడు. బూడిద పళ్ళెం లాగి పెట్టాడు. అడుగున గాలి కోసం పెట్టిన బిళ్ళని పట్టుకుని తిప్పాడు. టక్. ఇంకొంచెం తిప్పాడు. టక్. మళ్ళీ టక్. బిళ్ళకి మూడు గాట్లున్నాయి. ఒక్కో గాటు దగ్గరా అది ఆగుతోంది. ఆయన మొహం విప్పారింది. దాన్నే మళ్ళీ వెనక్కి, ముందుకి, వెనక్కి తిప్పాడు.

"ఇదీ పొయ్యంటే. ఎంత గాలి ఇచ్చావో వేలికే తెలుస్తుంది. ఇది తీసుకోమను మీ తమ్ముణ్ణి. కొత్తది గనక మొదటిరోజు వట్టిగా కాల్చాలి, పైన నూనె, రంగు పోయేదాకా. ఆ రోజు దాంట్లో ఏమీ వండకూడదని మరీ మరీ చెప్పు."

"ఈ రకం నలుపే కాదు సార్, ముదురాకుపచ్చా ఉంది. పక్కదే. ఏది ఇమ్మంటారు?"

"రంగుదేముంది బాబూ, ఏదైనా ఒకటే" అన్నాడు పెద్దాయన లేస్తూ.

స్టోరమ్మ నలుపే రాయించింది. పని ఇంత సులువుగా అయినందుకు సంబరపడుతూ బయటికి నడిచింది. గుమ్మానికి కాస్త ఇవతల, నిలువెత్తు అట్టబొమ్మ ఒకటి పెట్టారు. తెల్ల టోపీ, చేతిలో పట్టకారు, పళ్ళన్నీ బయటపెట్టిన నవ్వు. పెద్దాయన దాని ముందు ఆగాడు.

"బాబూ, కాస్త దారిస్తావా?" అన్నాడు.

స్టోరమ్మ పక్కున నవ్వింది. ప్యాకింగ్ బావ గాలి ఈయనకీ తగిలిందనుకుంది. పెద్దాయన నవ్వలేదు. రెండు చేతులూ దగ్గరగా పెట్టుకుని, మర్యాదగా, అట్టబొమ్మ జరుగుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

ఆమె నవ్వు ఆపేసింది. ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇటు రండి పెద్దాయనా, ఇటు దగ్గర" అంది. ఆయన వెంట వచ్చాడు. రోడ్డు దాటి, బస్సు వచ్చేదాకా ఆమె ఆ మోచెయ్యి వదల్లేదు. ఆయనా విడిపించుకోలేదు. బస్సెక్కేముందు మాత్రం అన్నాడు: "దీపాలు మరీ ఎక్కువ పెట్టారమ్మా ఆ కొట్లో."

*

మర్నాడు ఆమె పని కల్పించుకుని బట్టీశాలకి వెళ్ళింది. మామూలుగా ఆమె అటు అడుగుపెట్టదు, ఆ వేడికి గుమ్మంలోనే తల తిరుగుతుంది. చేతిలో ఒక చీటీ పట్టుకుని స్తంభం పక్కన నిలబడి చూసింది.

పెద్దాయన బట్టీ నోటికి ఎదురుగా ఉన్నాడు. పొడుగాటి గొట్టం లోపలికి పెట్టి, తిప్పి, బయటికి తీశాడు. చివర గాజు ముద్ద వేలాడుతూ వెలుగుతోంది. పక్కనే ఆయనకి చేదోడుగా ఉండే రెండో మేస్త్రి.

"ఏ పండు?" అన్నాడు పెద్దాయన.

"మాగిన నిమ్మపండు" అన్నాడు రెండో మేస్త్రి.

ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు, తిప్పాడు, మళ్ళీ ఊదాడు. ముద్ద ఉబ్బి గోళమైంది.

"ఇప్పుడో?"

"నారింజ. టమాటాకి దిగుతోంది."

పెద్దాయన మళ్ళీ గొట్టాన్ని బట్టీలో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. ఈ పళ్ళ బేరం కార్ఖానాలో రెండేళ్ళుగా పెద్ద తమాషా. ఇద్దరు ముసలాళ్ళు సంతలో కూచున్నట్టు పళ్ళ పేర్లు చెప్పుకుంటారని ప్యాకింగ్ బావ వాళ్ళని అనుకరించి చూపిస్తే స్టోరమ్మ కూడా ఎన్నోసార్లు కడుపుబ్బ నవ్వింది.

కాగిన గాజు రంగుని బట్టే దాని పదును తెలుస్తుంది. పాకంలో ఉందా, గట్టిపడుతోందా, ఊదొచ్చా, ఊదితే పగులుతుందా, అన్నీ రంగే చెప్పాలి. ఆ రంగు పెద్దాయనకి రెండేళ్ళుగా కనబడడం లేదని ఆమెకి అప్పుడర్థమైంది. నిప్పు ఎటుందో తెలుస్తోంది, అంతే. మిగతాదంతా ఆయన చేతులూ, రెండో మేస్త్రి నోరూ కలిసి నడిపిస్తున్నాయి.

ఆమె రెండో మేస్త్రిని నీళ్ళ కుండీ దగ్గర పట్టుకుంది. అడగాల్సిన మాట అడక్కముందే అతని మొహం పాలిపోయింది.

"మీకెలా తెలిసింది?"

"తెలిసింది. డాక్టరుకి చూపించారా?"

"చూపించారు. కంట్లో పొరలు కమ్మాయట, అవి తీస్తే కొంత వస్తుందేమోనట. వెనకాల చూపు నిలిచే చోటు కూడా కాలిందట, అది ఇంక రాదట. ఎన్నాళ్ళు వేడి చూశారయ్యా అని అడిగాడట డాక్టరు." అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్తే చూపు లేదని అప్పుడే గెంటేసేవాళ్ళు, లేకపోతే పగిలిన గాజు ఊడవమనేవాళ్ళు. ఆయనతో పగిలిన గాజు ఊడిపిస్తారా? మీకు దణ్ణం పెడతాను స్టోరమ్మగారూ. శుక్రవారం రిటైర్మెంటు దాటనివ్వండి. పరువుగా వెళ్ళనివ్వండి."

ఆమె తలూపింది. సామాన్ల గదికి వచ్చి లోపలినుంచి గడియ పెట్టుకుంది. నిచ్చెన వేసుకుని పై అర దాకా ఎక్కింది. అక్కడ, పల్చటి కాగితంలో చుట్టిన నాలుగు కళ్ళజోళ్ళు ఉన్నాయని ఆమెకి చూడకుండానే తెలుసు. బరువైన ఆకుపచ్చ అద్దాలు. బట్టీ వేడిని కంటిదాకా రానివ్వని పాత రకం. "అవి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. తనిఖీకి ఎవరైనా వస్తే వాళ్ళకి చూపించాలి" అని మేనేజరు చెప్పినప్పటినుంచి అవి అక్కడే ఉన్నాయి. తనిఖీ ఉన్న పూట తీసి మేనేజరు గదికి పంపేది, సాయంత్రానికల్లా లెక్కపెట్టి తీసుకుని మళ్ళీ చుట్టిపెట్టేది. ఒక్కటి కూడా పోనివ్వలేదు.

తర్వాత ఆరేళ్ళ కిందటి చీటీల పుస్తకం తీసింది. పేజీ వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. తన చేతులే వెళ్ళి అక్కడ ఆగాయి. కార్బన్ కింద పడిన గులాబీరంగు నకలు. పెద్దాయన గుండ్రటి అక్షరాలు: "కొత్తగా ఇచ్చిన నల్ల కళ్ళజోళ్ళు వెలుతురు ఆపుతున్నాయి గాని వేడి ఆపడం లేదు. సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయి. దయచేసి పాత రకం ఇప్పించగలరు." దానికింద ఆమె రాత: "పాత రకం లేవు. ఉన్నవే ఇచ్చాను." కింద ఆమె సంతకం, పొడుగ్గా తోకతో సహా.

ఆ రోజు ఆయన కిటికీ దగ్గర నిలబడి, "చూడమ్మా, ఒక్క జతైనా దొరుకుతుందేమో" అనడం ఆమెకి గుర్తొచ్చింది. "ఉంటే ఇవ్వనా పెద్దాయనా" అంది తను. ఎంత తేలిగ్గా అంది! నిచ్చెన ఆయనకి కనబడేచోటే ఉంది. స్టోరమ్మ ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ప్యాకింగ్ గదిలో బల్లలు పక్కకి నెట్టి కుర్చీలు వేశారు. గ్రిల్లుకి ప్యాకింగ్ బావ స్వయంగా రంగుకాగితం చుట్టాడు. జీవితంలో లక్ష గోళాలు పగలకుండా చుట్టాను గాని ఈ ఏనుగుపిల్లని చుట్టలేక చచ్చాను అన్నాడు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రెండో మేస్త్రి పక్కనే నడిచి, ఎవరికీ తెలియకుండా మోచేత్తో దారి చూపిస్తూ ఆయన్ని కూచోబెట్టాడు.

మేనేజరు మాట్లాడాడు. పెద్దాయన ఈ కార్ఖానాకి కంటివెలుగన్నాడు. ఆ మాటకి చప్పట్లు మోగాయి. స్టోరమ్మ చేతులు రెండూ ఒళ్ళోనే ఉండిపోయాయి.

"ఒక చిన్న సంతకం ఉంది, మామూలుదే" అంటూ మేనేజరు కాగితం ముందు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ." వేలు పెట్టి చూపించాడు. పెద్దాయన ఆ వేలు ఎటుందో గొంతుని బట్టి పోల్చుకుని, ఎడమచేత్తో కాగితం అంచు తడిమి, కలం ఆనించాడు. గీత మీద పడాల్సిన సంతకం అచ్చు అక్షరాల మీదుగా ఏటవాలుగా పోయింది. మేనేజరు దాన్ని చూశాడు. చూసి, ఒక్కక్షణం కూడా ఆగకుండా కాగితాన్ని స్టోరమ్మ వైపు తిప్పాడు.

"సామాన్లు ఇచ్చింది మీరే కాబట్టి సాక్షి సంతకం మీది."

ఆమె చదివింది. పనిచేసిన కాలమంతా తగిన రక్షణ సామగ్రి అందిందనీ, పని వల్ల ఆరోగ్యానికి ఏ లోటూ కలగలేదనీ పై సంతకందారు చెబుతున్నాడు. అందరూ చూస్తున్నారు. ప్యాకింగ్ బావ గ్రిల్లు మీద చెయ్యి వేసి విప్పడానికి తొందరపడుతున్నాడు. రెండో మేస్త్రి నేలచూపులు చూస్తున్నాడు. పెద్దాయన నవ్వుమొహంతో ఎటో చూస్తున్నాడు.

ఆమె సంతకం పెట్టింది. ఎప్పటిలాగే, తోకతో సహా. తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆ కలం ఎప్పుడు పట్టుకుందో ఆమెకి గుర్తుకు రాలేదు.

"ఆ పాత చీటీల పుస్తకాలు కూడా సోమవారం నా గదికి పంపించండి. అనవసరంగా చోటు తింటున్నాయి" అన్నాడు మేనేజరు, కాగితం మడుస్తూ.

రంగుకాగితం విప్పారు. పెద్దాయన వంగి, ఇనుము మీద చెయ్యి వేశాడు. చెయ్యి అంచు మీదుగా, జల్లెడ మీదుగా, అడుగున ఉన్న బిళ్ళ దగ్గరికి వెళ్ళింది. టక్. టక్. టక్.

"ఓరి మీ దుంపతెగా! ఇది స్టోరమ్మ తమ్ముడి పొయ్యి కాదూ?" అన్నాడు.

గదంతా గొల్లుమంది. ఆయన నవ్వుతూనే ఇస్త్రీ చొక్కా చేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

*

ఆదివారం పదకొండు గంటలకి ఆమె వాళ్ళ పెరటి తలుపు తట్టింది. పెద్దమ్మ, అంటే పెద్దాయన భార్య, తలుపు తీసి, "రా అమ్మా, నీకోసమే చూస్తున్నారు. నిన్నంతా వట్టి పొయ్యి కాల్చి నా బట్టలన్నీ పొగ చేశారు" అంది.

చిన్న పెరడు. గోడవారన మొక్కజొన్న పొత్తులు పొట్టు తీసి ఉన్నాయి. పళ్ళెంలో ఉప్పూ కారం పట్టించిన కోడిముక్కలు. పెద్దాయన పీట వేసుకుని గ్రిల్లు ముందు కూచున్నాడు. బొగ్గులు రాజుకుంటున్నాయి. గాలి ఎటు వీస్తోందో చెంపతో చూసుకుని, పీట రెండంగుళాలు జరుపుకున్నాడు.

"నీ చలవే అమ్మా ఇది. మొదటి ముక్క నీదే."

స్టోరమ్మ సంచీలోంచి చిన్న పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కాగితం విప్పాడు. వేళ్ళు అద్దాల అంచుని పట్టుకున్నాయి. అరచేతిలో పెట్టుకుని తూచాడు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"పాతవి" అన్నాడు. "బరువు తెలుస్తోంది. ఎక్కడివమ్మా ఇవి?"

"పై అరలో ఉన్నాయి పెద్దాయనా."

"ఎప్పటినుంచి?"

ఆమె సంచీ కింద పెట్టింది.

"అప్పటినుంచీ."

పెద్దమ్మ చేతిలో పట్టకారు ఆగిపోయింది. బొగ్గు ఒకటి చిటపటమంది. ఆయన ఆ కళ్ళజోడుని మెల్లగా మొహానికి పెట్టుకుని బొగ్గుల వైపు తిరిగాడు. వేడి కళ్ళకి తగలడం లేదని ఆమెకి ఎదురుగా కనిపిస్తూనే ఉంది. మొహంలో ముడతలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

"చల్లగా ఉంది" అన్నాడాయన.

ఆ మాటకి ఆమె నేలమీద కూచుంది. సంచీలోంచి గులాబీరంగు కాగితం తీసి ఆయనకి అందించింది. ఆయన దాన్ని తడిమి చూసి తిరిగిచ్చేశాడు.

"చదువు."

ఆమె చదివింది. ఆయన రాసిన మూడు వాక్యాలూ చదివి ఆగిపోయింది.

"కింద ఇంకేదో ఉండాలే. నువ్వేదో రాశావు ఆ రోజు. గీకిన చప్పుడు గుర్తుంది నాకు."

"పాత రకం లేవు. ఉన్నవే ఇచ్చాను" అని చదివిందామె. "కింద నా సంతకం. మొన్నటి కాగితం మీద కూడా నాదే. మీకు అన్నీ సరిగ్గా అందాయని. చదివే పెట్టాను పెద్దాయనా. తెలిసే పెట్టాను."

పెద్దమ్మ పట్టకారు పళ్ళెంలో పడేసింది. వచ్చి, ఆమె చేతిలోంచి కాగితం లాక్కుంది. చదవడం రాదు గనక ముందూ వెనకా తిప్పి చూసింది. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"ఆ డాక్టరు అప్పుడే చెప్పాడు, బట్టీ వల్లే పోయిందని రుజువు చూపిస్తే వైద్యం అంతా కార్ఖానావాళ్ళే చేయించాలట. కార్మికుల ఆఫీసులో చెప్పుకోవాలట. రుజువెక్కడిదని నోరుమూసుకున్నాం. రేపు పొద్దున్న నేను వెళ్తున్నాను. నాకు చదవడం రాదు, ఆయనకి కనబడదు. అక్కడ ఇది చదవడానికి నువ్వు రావాలి. కింద ఉన్న ముక్కతో సహా చదవాలి. ఆ శుక్రవారం సంతకం సంగతీ నువ్వే చెప్పాలి."

"ఊరుకోవే" అన్నాడు పెద్దాయన. "చెప్తే ఈ అమ్మాయి ఉద్యోగం ఉంటుందా?"

"మీ కళ్ళు ఉన్నాయా?" అంది పెద్దమ్మ.

స్టోరమ్మ తన నడుముకి వేలాడే తాళాలగుత్తి వైపు చూసుకుంది. ఆదివారం కూడా అలవాటుకొద్దీ పెట్టుకునే వచ్చింది.

"ఎన్నింటికి రమ్మంటారు పెద్దమ్మా?"

"తొమ్మిదికి."

"పుస్తకం మొత్తం తీసుకొస్తాను. ఆ మేనేజరు గదికి చేరకముందే."

పెద్దమ్మ తలూపింది. కూచోమనలేదు, వెళ్ళమనీ అనలేదు. కోడిముక్కల పళ్ళెం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, మొహం కడుక్కోవడానికి లోపలికి పోయింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

పెద్దాయన కళ్ళజోడు తియ్యలేదు. వంగి, అడుగున ఉన్న బిళ్ళని ఒక గాటు తిప్పాడు. గాలి లోపలికి పోయింది. ఆయన చెయ్యి జల్లెడ మీద, కాస్త ఎత్తులో, వేడిని కొలుస్తూ ఆగింది. ఆ చేతికి కూడా అనుమానంగానే ఉంది. కొత్త పొయ్యి, కొత్త బొగ్గు, పక్కన రెండో మేస్త్రి లేడు.

"ఏ పండమ్మా?" అన్నాడు.

ఆమెకి కళ్ళనిండా నీళ్ళు. బొగ్గులన్నీ కలిసిపోయి ఒక్క ఎర్రటి మరకలా కనిపించాయి. "నారింజ" అనబోయింది.

"ఈసారి సరిగ్గా చూసి చెప్పు" అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. బట్టీ ముందు రెండో మేస్త్రిని అడిగినట్టే అడిగాడు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మోకాళ్ళ మీద లేచి, మొహం మాడేంత దగ్గరగా వంగి, ఒక్కో బొగ్గునీ చూసింది.

"నడిమధ్యవి నారింజ. అంచులవి ఇంకా టమాటానే. బూడిద ఎక్కడా పట్టలేదు పెద్దాయనా. ఇప్పుడే వెయ్యకూడదు."

"సరే" అన్నాడాయన. "ఆగుదాం."